నీళ్ళ పాచిక

ఏప్రిల్ నెలాఖర్లో ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి షాపులో జిరాక్స్ మిషన్లు మూగబోయిన టైములో హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. బెంగళూరులో నేను ఉద్యోగం వెలగబెట్టిన నాలుగేళ్ళూ ప్రతి ఆదివారం నాతో కూర్చుని ఆడిన స్నేహితుడు. ఇప్పుడు ఆటల మీద ఒక చిన్న పత్రిక నడుపుతున్నాడు. "రూల్స్ సప్లిమెంట్ ఒకటి వచ్చిందిరా. లోకం సర్వనాశనమయ్యాక మిగిలినవాళ్ళు ఎలా బతుకుతారనే ఆట. నువ్వే రివ్యూ రాయాలి. ఎనిమిది వందల పదాలు, రెండు నెలల టైము" అన్నాడు. డబ్బు సంగతి నేను అడగలేదు, వాడు చెప్పలేదు. సాయంత్రానికి మెయిల్లో పీడీఎఫ్ దిగింది. 96 పేజీలు.

మాది ఒంగోలులో కర్నూలు రోడ్డు పక్క సందులో జిరాక్స్, డీటీపీ షాపు. పుట్టినప్పటి నుంచి కాగితాల మధ్య పెరిగినవాణ్ణి, స్క్రీన్ మీద చదివితే నాకు తలకెక్కదు. ఒక్క కాపీ ప్రింటు తీసుకుంటానని పుస్తకం రాసినాయనకు మెయిల్ పెట్టి అనుమతి అడిగాను. జిరాక్స్ షాపువాడు అనుమతి అడగడమేంటని మా లైన్లో తెలిస్తే నవ్వుతారు. ఆయన సరేనన్నాక రెండువైపులా ప్రింటు కొట్టి, స్పైరల్ వేసి కౌంటర్ మీద పెట్టుకున్నా. ఇక వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "ఇది ఏ ఎగ్జామ్‌కి సార్, గ్రూప్ టూకా?"

రోల్ ప్లేయింగ్ గేమ్స్ అనే ఈ ఆటలు తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు, అతన్ని గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్ళకు తలా ఒక పాత్ర. "నువ్వు పాడుబడ్డ ఆసుపత్రి ముందు నిలబడ్డావు, లోపల ఏదో చప్పుడు, ఏం చేస్తావ్?" అంటే నోటితో చెప్పడమే. జరుగుతుందో లేదో తేలని చోట పాచిక వేస్తారు. వైకుంఠపాళిలా ముందే గీసిన పటం ఉండదు, పాములూ నిచ్చెనలూ మాటల్లోంచే పుడతాయి. సప్లిమెంట్ అంటే అసలు ఆట పుస్తకం మీద వేసుకునే అదనపు రూల్స్. అసలు పుస్తకం లేకపోతే ఇది ఎందుకూ కొరగాదు.

నేను రివ్యూ చేసిన పుస్తకం పేరు చెప్పను. చిన్న ప్రచురణ, ఒక్క మనిషి కష్టం, తప్పులు తర్వాత ఆయనే దిద్దుకున్నాడు. అమెరికా ఎడారిలో, యుద్ధం అయిన ఇరవై ఏళ్ళకు జరిగే ఆట అది. సప్లిమెంట్ మొత్తం తిండి, నీళ్ళు, మందులు, ఇంధనం గురించే.

రాసేముందు దీన్ని ఏ గూట్లో పెట్టాలో చూసుకోవాలి కదా. ఈ తరహా ఆటల్లో మొదటిదైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వస్తే, నాలుగేళ్ళకే, 1978లో, గామా వరల్డ్ వచ్చింది. లోకం కాలిపోయాక వింత జంతువులు, నడిచే మొక్కలు, అదంతా ఒక సరదా. 1984లో వచ్చిన ట్వైలైట్ 2000 వేరే దారి. మూడో ప్రపంచ యుద్ధంలో ఎటూ కాకుండా పోయిన సైనికుల కథ అది, తూటాలు, ఇంధనం లెక్కపెట్టుకుంటూ ఆడాలి. 2010లో విన్సెంట్ బేకర్, మెగే బేకర్ దంపతుల అపోకలిప్స్ వరల్డ్ వచ్చి లెక్కలు పక్కన పెట్టి, కరువులో మనుషులు ఒకరితో ఒకరు ఎలా ఉంటారన్నదే ఆట అంది. నా చేతిలో ఉన్న పుస్తకం ఈ రెండు పడవల మీదా కాళ్ళు పెట్టాలని చూసింది. ఎక్కడ నిలదొక్కుకుంది, ఎక్కడ జారింది అన్నదే నేను తేల్చాల్సింది.

మొదటి వారమంతా పెన్సిల్ పట్టుకుని చదివాను. ముందు వృత్తి కళ్ళే పనిచేశాయి. చివర అకారాది సూచిక లేదు. ముఖ్యమైన పట్టిక ఒకటి సగం ఎడమ పేజీ కింద, సగం కుడి పేజీ పైన పడింది. మా షాపులో కుర్రాడు అలా పేజీ పెడితే వాడికి ఆరోజు టీ ఇప్పించను.

అసలు పట్టు దొరికింది నీళ్ళ అధ్యాయంలో. లీటర్లు లెక్కపెట్టకుండా నీళ్ళకు ఒక పాచిక ఇస్తారు. దీని మూలం 2016లో డేవిడ్ బ్లాక్ చేసిన బ్లాక్ హ్యాక్ అనే ఆటలో ఉంది. ఈ ఆటల్లో ఆరు ముఖాలవే కాదు, నాలుగు, ఎనిమిది ముఖాల పాచికలూ ఉంటాయి. మీ దగ్గర ఎనిమిది ముఖాల పాచికంత నీళ్ళున్నాయనుకోండి. తాగినప్పుడల్లా ఆ పాచిక వెయ్యాలి. ఒకటో రెండో పడితే ఆరు ముఖాలదానికి దిగుతారు. మళ్ళీ ఒకటో రెండో పడితే నాలుగు ముఖాలది. అక్కడా పడితే నీళ్ళు అయిపోయినట్టు. ఎంత అందమైన ఉపాయమో చూడండి. ఎన్ని నీళ్ళున్నాయో ఎవరికీ సరిగ్గా తెలియదు, తగ్గుతున్నాయని మాత్రం తెలుస్తుంది. ఎండాకాలం మా డాబా మీద ట్యాంకులోకి చూడకుండా వేళ్ళతో కొట్టి, చప్పుడును బట్టి అంచనా వేస్తామే, అచ్చం అదే.

ఒక పెళ్ళి శుభలేఖ ప్రూఫ్ వెనకవైపు లెక్క వేశాను. ఎనిమిది ముఖాల పాచిక మీద ఒకటో రెండో పడే అవకాశం నాలుగింట ఒక వంతు, అంటే సగటున నాలుగు సార్లకు దిగుతుంది. ఆరు ముఖాలది మూడు సార్లకు, నాలుగు ముఖాలది రెండు సార్లకు. మొత్తం తొమ్మిది. రోజుకోసారి వేస్తే తొమ్మిది రోజుల నీళ్ళు. ఖర్మ కాలితే మూడు రోజుల్లోనూ అయిపోవచ్చు, కానీ అది ఇరవై నాలుగింట ఒక్కసారి. ఇంతవరకూ బాగుంది. 31వ పేజీలో "రోజుకు ఒకసారి వెయ్యాలి" అని ఉంది. 34వ పేజీ పట్టికలో "ప్రతి నాలుగు గంటల జాముకు" అని ఉంది! అంటే రోజుకు ఆరుసార్లు, తొమ్మిది రోజుల నీళ్ళు ఒకటిన్నర రోజుకు వస్తాయి. ఏది నిజం? ముందు నేనే తప్పు చదివానేమోనని మూడుసార్లు తిరగేశాను. కాదు, పుస్తకమే రెండు నాలుకలతో మాట్లాడుతోంది. ఆయనకు మెయిల్ పెట్టాను.

జవాబు వచ్చేలోపు ఆడి చూడాలి. చదివి రాసేస్తే పోదా అని స్నేహితుడు అన్నాడు గానీ నాకు మనసొప్పలేదు. వంట పుస్తకం చదివి కూర రుచి చెప్పినట్టుంటుంది.

ఆడేవాళ్ళు దొరకడమే కష్టం ఇక్కడ. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసే మా బామ్మర్ది సరేనన్నాడు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివే మా అక్క కూతురు సెలవులకు వచ్చి ఉంది. కథ నడిపే నన్ను కలుపుకుంటే, నాలుగోవారు షాపుకి ప్రశ్నపత్రాలు టైపు చేయించుకోవడానికి వచ్చే మాస్టారు. కనిగిరి వైపు పల్లెటూరు ఆయనది, ఒంగోలులో స్థిరపడి ఇరవై ఏళ్ళయింది. కౌంటర్ మీద పుస్తకం చూసి, గ్రూప్ టూ అని అడగకుండా "ఇందులో పాచికల బొమ్మలున్నాయేంటి?" అని అడిగింది ఆయనొక్కరే.

రోహిణి కార్తెలో సాయంత్రం ఆరు దాటాక మా డాబా మీద చాపలు పరిచాం. డాబా ఇంకా పెనంలా కాలుతూనే ఉంది. మాస్టారు తన నీళ్ళ సీసా తనే తెచ్చుకున్నారు. మా ఇంట్లో నీళ్ళు తాగరేమోనని మా ఆవిడ కొంచెం నొచ్చుకుంది కూడా.

రివ్యూ కోసం ఆడేటప్పుడు నాకొక పట్టుదల ఉంది. మొదటి రెండు ఆటలు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే ఆడాలి. నచ్చని రూలు కూడా మార్చకూడదు. బామ్మర్దికి ఇది మింగుడుపడలేదు. "ఆ అమెరికా ఎడారి ఎందుకు బావా, మన క్వారీ గుంతలు పెట్టు" అని మొదటి పది నిమిషాల్లోనే మొదలెట్టాడు. మూడో ఆదివారం చూద్దాంలే అన్నాను.

పాడుబడ్డ ఊరు వెతికే రూలు మొదటి గంటలోనే తేలిపోయింది. ఆరు ముఖాల పాచికలు రెండు వేసి కలపాలి. పది గానీ ఆపైన గానీ పడితే దొరుకుతుంది, ఏడు నుంచి తొమ్మిదికి దొరుకుతుంది గానీ ఏదో నష్టంతో, ఆరు గానీ ఆలోపు గానీ పడితే చిక్కు. మామూలుగా ఇది చక్కని రూలే. కానీ సప్లిమెంట్‌లో "అప్పటికే దోచుకున్న ఊరు" అయితే రెండు తగ్గించమన్నాడు. యుద్ధమై ఇరవై ఏళ్ళయ్యాక దోచుకోని ఊరు ఎక్కడుంటుంది? రెండు తగ్గిస్తే పూర్తిగా గెలవాలంటే పన్నెండే పడాలి, ముప్పై ఆరింట ఒక్కసారి. బామ్మర్ది వరసగా ఏడుసార్లు వేశాడు. ఏడుసార్లూ చిక్కే. ఎనిమిదోసారి పాచికలు నా చేతిలో పెట్టి "నువ్వే వెతుక్కో" అని పిట్టగోడ దగ్గరికి వెళ్ళి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. రివ్యూలో ఆ రూలు మీద పెట్టాల్సిన వాక్యం అప్పుడే రాసేసుకున్నాను.

మందుల దగ్గర మా మేనకోడలు పట్టుకుంది. రేడియేషన్ తగిలితే అయోడిన్ మాత్ర వేసుకోగానే ఒంట్లోంచి పోతుందట. "మామయ్యా, ఇది తప్పు" అంది. పొటాషియం అయోడైడ్ మాత్ర కాపాడేది థైరాయిడ్ గ్రంథిని, అదీ రేడియోధార్మిక అయోడిన్ నుంచి మాత్రమే. ఆ అయోడిన్ 131 అర్ధాయువు, అంటే ఉన్నది సగానికి తగ్గే కాలం, ఎనిమిది రోజులు. ఎనభై రోజులకే వెయ్యో వంతు కూడా మిగలదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ మాత్ర ఎవరికి కావాలి? భయపడాల్సింది సీజియం 137 అనే మరో రేడియోధార్మిక పదార్థానికి, దాని అర్ధాయువు ముప్పై ఏళ్ళు. ఆ మాత్ర దాని జోలికే పోదు. ఇరవై ఏళ్ళ పాత పెట్రోలుతో బండి నడపడం కూడా అలాంటిదే, ఏడాది నిలవుంటేనే పెట్రోలు పాడవుతుంది. ట్వైలైట్ 2000లో బండ్లకు సారాయి కాచి పోసుకునేది ఊరికే కాదు. అయినా ఇవి నాకు పెద్ద నేరాలుగా అనిపించలేదు. ఆటలో మాత్ర మాత్రే, అది నమ్మి ఎవరూ మింగరు.

రెండో ఆదివారం సంగతి వేరు.

పాత్రలన్నీ ఒక పాత బావి దగ్గరికి చేరాయి. పుస్తకం ప్రకారం అది "చెడ్డ నీళ్ళు". తాగితే పాచిక వెయ్యాలి, ఓడితే రెండు రోజులు జబ్బు. గంటసేపు కాచి తాగితే మాత్రం పూర్తిగా మంచి నీళ్ళే. నేను చదివి వినిపించాను. మేనకోడలి పాత్ర కట్టెలు ఏరడానికి బయల్దేరింది. మాస్టారు నవ్వారు. వెక్కిరింపు కాదది, ఏదో పాత సంగతి గుర్తొచ్చినప్పుడు వచ్చే నవ్వు.

"మా ఊరి నీళ్ళు కాస్తే ఇంకా చిక్కబడతాయండీ" అన్నారు.

వాళ్ళ ఊరి నీళ్ళలో ఉన్నది ఫ్లోరైడ్. అది కాస్తే పోదు. నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా ఎక్కువవుతుంది. తాగే నీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. చూడటానికి తేటగా ఉంటాయి, వాసన ఉండదు, తాగిన రోజు ఏమీ కాదు. పిల్లల పళ్ళ మీద గార లాంటి మచ్చలు ముందు వస్తాయి. కీళ్ళు, వెన్ను బిగుసుకునేది ఏళ్ళ తరబడి తాగాక. 1937లోనే ఇండియన్ మెడికల్ గెజిట్‌లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బు మీద, డాక్టర్లు రాశారని మాస్టారే చెప్పారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోనివే, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాకే ఇటు వచ్చాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి గురించీ చెప్పారు. తర్వాత మామూలుగా, పాఠం చెప్పినట్టే, "మా నాయన మెడ తిప్పి చూడలేకపోయేవాడు. ఎవరన్నా పిలిస్తే మనిషంతా తిరిగేవాడు" అన్నారు.

ఆయన సీసా ఎందుకు తెచ్చుకుంటారో మా ఆవిడకు అప్పుడర్థమైంది. ఎక్కడికెళ్ళినా చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటట.

కాసేపు ఎవరం పాచిక పట్టుకోలేదు. తర్వాత మేనకోడలు అడిగింది, "మరి ఆటలో ఎలా పెట్టాలి మాస్టారూ?" ఆయన పెన్సిల్ తీసుకుని తన పాత్ర కాగితం అంచున ఐదు చిన్న గళ్ళు గీశారు. ఆ బావి నీళ్ళతో ఒక కాలం గడిపితే ఒక గడి నింపాలి. పాచిక లేదు. నింపిన గడి మళ్ళీ ఖాళీ అవదు. మూడు నిండితే పరిగెత్తలేడు, ఐదు నిండితే బరువు మొయ్యలేడు. "జబ్బు వచ్చిందని ఆరోజు తెలియకూడదు. అదీ రూలు" అన్నారు.

నేను ఇరకాటంలో పడ్డాను. రూలు బాగుంది. కానీ అది పుస్తకంలోది కాదు, మా డాబా మీద పుట్టింది. అది పెట్టి ఆడి, ఆట బాగుందని రాస్తే మాస్టారి తెలివికి పుస్తకం మార్కులు కొట్టేస్తుంది. అందుకే ఆరోజు పుస్తకం రూలుతోనే ముగించాం. మూడో ఆదివారం బామ్మర్ది కోరిక కూడా తీర్చి, చీమకుర్తి క్వారీ గుంతలో వాన నీళ్ళు నిలిచిన చోటుకి కథ మార్చి, గళ్ళు పెట్టి ఆడాం. నోట్సులో మొదటి రెండు ఆటలు నల్ల సిరాతో, మూడోది ఎర్ర సిరాతో రాసుకున్నాను.

తేడా కళ్ళకు కట్టింది. మొదటి రెండు వారాలు తుపాకుల కోసం వెతికినవాళ్ళు మూడో వారం రేకులు, టార్పాలిన్లు ఏరారు, వాన నీళ్ళు పట్టడానికి. క్వారీ గుంత నీళ్ళు తాగొచ్చా, మిషన్ల ఆయిల్ కలిసిందా అని అరగంట వాదించుకున్నారు. ఏడుసార్లు ఓడి అలిగిన బామ్మర్దే బ్లాస్టింగ్ చేసిన గుంత నీళ్ళు ఎలా ఉంటాయో చెప్పి మిగతావాళ్ళను ఆపాడు.

సరిగ్గా ఆ వాదన మధ్యలో కింద సందులో ట్యాంకర్ హారన్ వినిపించింది. కాగితాల మీద చెప్పులు పెట్టి అందరం బిందెలు పట్టుకుని దిగాం. మా వీధిలో ఒక పద్ధతుంది. ముందు వచ్చినవాళ్ళు ముందు కాదు. ఇంట్లో పసిపిల్లలున్నవాళ్ళు, మంచానపడ్డవాళ్ళు ఉన్న ఇళ్ళు ముందు. ఎవరూ రాసి పెట్టలేదు, తప్పితే మాత్రం ఏడాదంతా మాట పడాలి. తడిసిన బట్టలతో పైకొచ్చి కూర్చున్నాక మేనకోడలు అంది, "ఈ పుస్తకంలో నీళ్ళు ఎన్ని ఉన్నాయో ఉంది గానీ ముందు ఎవరు పట్టుకోవాలో లేదు మామయ్యా." 

నిజమే అనుకున్నా, తర్వాత సగమే నిజమని తేలింది. అట్ట చివరి అధ్యాయంలో బాకీల పేజీ ఒకటుంది. ఆ లోకంలో డబ్బు లేదు, ఎవరికి ఏం సాయం చేశామో, ఎవరు మనకు రుణపడ్డారో పాత్ర కాగితం వెనక రాసుకోవాలి. ఆ రుణాన్ని పాచిక వేసేటప్పుడు వాడుకోవచ్చు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదే, కాకపోతే ఇందులో బియ్యం బదులు మనుషులుంటారు. పుస్తకంలో ఇంతకన్నా మంచి అధ్యాయం లేదు. దాన్ని తీసుకెళ్ళి 88వ పేజీలో దాచాడు మహానుభావుడు. నీళ్ళ అధ్యాయంలో దాని ఊసే లేదు. ఆ రెంటినీ కలిపి ఉంటే మేనకోడలి ప్రశ్నకు జవాబు అక్కడే ఉండేది.

ఈలోపు ఆయన జవాబు వచ్చింది. రోజుకోసారే కరెక్టట. జాముకోసారి అన్నది పాత చిత్తుప్రతిలోది, పట్టికలో మార్చడం మర్చిపోయానని, దిద్దుతానని రాశాడు. నేను కాచిన నీళ్ళ సంగతి కూడా రాశాను, నా మాటగా కాదు, మాస్టారి మాటగా. దానికి మాత్రం "అంత వివరం పెడితే ఆట నెమ్మదిస్తుంది" అన్నాడు. ఒకరకంగా ఆయనదీ న్యాయమే, ఆట వేగంగా నడవాలనుకోవడం తప్పు కాదు. కానీ ఐదు గళ్ళకు పాచికే అక్కర్లేదు, నెమ్మదించేది ఎక్కడ?

ఎనిమిది వందల పదాలు రాయడానికి నాలుగు రాత్రులు పట్టింది. మొదటి చిత్తు పదిహేను వందలకు పోయింది, అందులో సగం ఫ్లోరైడే. చదువుకుంటే రివ్యూలా లేదు, కలెక్టరాఫీసుకి అర్జీలా ఉంది. కొట్టేశాను. బాకీల పేజీని ముందుకు తెచ్చాను. వెతికే రూలు లెక్క రెండు వాక్యాలు, పట్టిక తప్పు, దిద్దుతానన్నాడన్న మాట ఒక వాక్యం. కాచిన నీళ్ళకు ఒక పేరా. మూడో ఆట మా సొంత రూళ్ళతో ఆడామని స్పష్టంగా పెట్టాను. నక్షత్రాలు, మార్కులు ఇవ్వనన్నాను. స్నేహితుడు "కొనమంటావా వద్దంటావా, అది చెప్పు" అన్నాడు. అసలు ఆట ఉన్నవాళ్ళు కొనొచ్చు, చివరి అధ్యాయం నుంచి చదవడం మొదలుపెట్టండి అని రాశాను. వాడు నీళ్ళ పేరాని మూడు లైన్లకు కత్తిరించి వేశాడు. కత్తిరించాక ఇంకా బాగుందని ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది.

జూలైలో దిద్దిన పీడీఎఫ్ వచ్చింది. పట్టిక సరిచేశాడు. నీళ్ళ అధ్యాయంలో కొత్తగా ఒక్క లైను చేరింది: కాచినంత మాత్రాన అన్ని నీళ్ళూ బాగుపడవు, ఏ బావి సంగతి ఎలా ఉంటుందో గేమ్ మాస్టర్ ముందే నిర్ణయించుకోవాలి. ఆ ఒక్క పేజీ ప్రింటు తీసి మాస్టారికిచ్చాను. చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు.

రివ్యూ అయిపోయినా ఆట ఆగలేదు. మొన్న ఆదివారం మాస్టారి పాత్రకు మూడు గళ్ళు నిండాయి, ఇక పరిగెత్తలేడు. నీళ్ళు ఆరు ముఖాల పాచిక మీదున్నాయి. సీసా మూత తీసి ఒక గుక్క తాగి, పాచిక వేశారు. అది చాప అంచు దాటి దొర్లి మా బామ్మర్ది కాలి దగ్గర ఆగింది. రెండు.

"అయిపోయాయా?" అన్నారు మాస్టారు.

"లేదు మాస్టారూ, నాలుగు ముఖాలదానికి దిగాయి."

"అంటే ఇంకా ఉన్నట్టేగా" అని చెయ్యి చాపారు, పాచిక కోసం.